షేక్ ముత్లక్ ముందు చల్లారుతున్న కాఫీ

కప్పు కింద పెట్టాడు, తాగలేదు. తెర చీలికలోంచి నాకు కనిపించింది అంతే: షేక్ ముత్లక్ చేయి, వేలికి వెండి ఉంగరం, తివాచీ మీద ఆ చిన్న కప్పు, దాని మీద ఇంకా లేస్తున్న ఆవిరి. ఇక వేరే మాట అక్కరలేదు. మా సల్త్ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు, గుమ్మంలోకి వచ్చిన పెద్దమనిషి కాఫీ తాగకుండా కింద పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని, ఇంటివాళ్ళు “మీరడిగింది ఇచ్చాం, తాగండి” అనేదాకా దాన్ని ముట్టడని. ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడంటే ఆ ఇంటి పరువు వీధిలో పడ్డట్టే. అందుకే ఎవరూ అంతదాకా రానివ్వరు. షేక్ వెనక గోడ పొడుగునా ఊరి పెద్దలంతా మోకాళ్ళు మడుచుకుని కూర్చున్నారు, రాజీ అడగడానికి వచ్చిన జాహా అది, వాళ్ళలో ఎవరూ కప్పు ఎత్తలేదు, మొదటి కప్పు షేక్‌ది కనక. ఆయన గొంతు సవరించుకుని అన్నాడు, “ఫాండీ, మేమంతా నీ గుమ్మంలో ఉన్నాం. నీ అన్న ఖులైఫ్ నెత్తురు సంగతి. పక్కింటి ఔదా వేలు చూపించాడు, టర్కీ వాళ్ళు మీ అన్నని పట్టుకుపోయారు, కాదనం. కానీ వాడు దాదాపు రెండేళ్ళుగా ఊరొదిలి కింద నది లోయలో ఎండకి మాడిపోతున్నాడు. జ్వరంతో పిల్లని పోగొట్టుకున్నాడు. క్షమించానని ఒక్క మాట అను, వాడు ఇల్లు చేరతాడు. అననంటావా, మేం ఈ కాఫీ ముట్టం.” మా మరిది ఫాండీ కాసేపు తల దించుకున్నాడు, దించుకోవాలి కనక. తర్వాత అన్నాడు, “నా వరకైతే మీ మాట నా నెత్తి మీద, షేక్. కానీ అన్నకి భార్య ఉంది. లోపల ఒక్క మాట అడిగి చెప్తాను.” లేచి వచ్చి తెర దగ్గర నోరు పెట్టి మెల్లగా, “వదినా, విన్నావుగా. ఊఁ అను, చాలు,” అన్నాడు. నేను అనలేదు.

అనకపోవడం నాకే వింతగా ఉంది. పొద్దున కాఫీ గింజలు వేయించేటప్పుడు కూడా అనేద్దామనే అనుకున్నాను. మంచి గింజలు, ఫాండీ జెరూసలేం నుంచి తెప్పించాడు, ఈ రోజు కోసమే. ఇనప గరిటెలో అవి చిటపటమంటుంటే ఆ వాసనకి కళ్ళు తిరిగినంత పనైంది, యుద్ధం రోజుల్లో కాఫీ అంటే ఓక్ కాయలు మాడ్చి నూరిన పొడే కదా, ఆ ఓక్ చెట్లు కూడా తర్వాత లేకుండా పోయాయి, రైలుబండికి బొగ్గు లేదని టర్కీ వాళ్ళు కొండంతా నరికి బండిలో పోసి కాల్చేశారు, నా చిన్నప్పటి కొండ డమాస్కస్ నుంచి మదీనా దాకా పొగై పోయింది. అయినా ఖులైఫ్ ఒక గుప్పెడు అసలు గింజలు గుడ్డలో కట్టి దాచాడు. నాకు కాన్పు అయినప్పుడు అడిగాను, ఒక్క గుక్క, ఒళ్ళు వెచ్చబడుతుందని. ఇవ్వలేదు. “అవి మనవి కావు సబ్హా, గుమ్మంలోకి వచ్చే అతిథివి,” అన్నాడు. ఎవరు వస్తారని? ఆ కరువులో, మిడతలు ద్రాక్ష తీగల బెరడు కూడా ఒలుచుకు తిన్న ఏడాది, మా గుమ్మం ఎవరు తొక్కుతారని?

“ఏమంటున్నారు వాళ్ళు?” అంది మా అత్త ఖద్రా. ఆమెకి చెవులు సగమే వినిపిస్తాయి, అదీ ఆమెకి కావలసిన సగం.

“ఔదాని క్షమించమంటున్నారు అత్తా.”

“అడిగేది ఎవడు? ముత్లకా? గడ్డానికి రంగేసుకున్నాడా ఇవాళ కూడా?”

“నెమ్మదిగా అత్తా, వినపడుతుంది.”

“వినపడనీ. ఎవడికి భయం? నాకున్న పళ్ళు రెండు, అవి కూడా ఊడబీక్కుంటాడా?”

ఔదా ఇంటికీ మా ఇంటికీ గోడ ఒకటే. రొట్టెల పొయ్యి ఒకటే. అతని పెళ్ళాం తల్జా మంచు పడిన రోజున పుట్టిందట, అందుకే ఆ పేరు, మనిషి మాత్రం నిప్పుకణిక. ఒకరోజు పొయ్యి నేను రాజేస్తే ఒకరోజు తను, నా పిండిలో ఉప్పు మరిచిపోతే తన పిండి ముద్ద నా ముద్దలో కలిపేసేది, “ఇప్పుడు ఎవరి రొట్టె ఎవరు తింటున్నారో దేవుడికే తెలియాలి,” అని పొట్ట పట్టుకు నవ్వేది. వాళ్ళు వెళ్ళిపోయాక ఆ ఇంటి వాకిలికి రాళ్ళు పేర్చారు. వాళ్ళ అంజూర చెట్టు కాస్తూనే ఉంది. పళ్ళు రాలి, పగిలి, కందిరీగలు ముసిరి, ఆ తీపి కంపు గోడ దాటి నా పక్క మీదకి వస్తుంది. ఇది ఆగస్టు కదా. ఇంటి కప్పుల మీద ద్రాక్ష ఎండబెట్టే రోజులు. లోయలో పోయిన పిల్ల ఎవరు, పెద్దదా చిన్నదా? షేక్ చెప్పలేదు. ఆయనకి తెలియదేమో. నాకు అడగడానికి నోరు రాలేదు, అడిగితే ఊఁ అన్నట్టే.

చిన్నదయి ఉంటుంది. నా కూతురు మిజ్నాతో ఆడుకునేది. ఇద్దరూ కలిసి బాగ్దాద్‌ని తినేశారు ఒకసారి. తలుచుకుంటే ఇప్పుడు కూడా పెదవుల దాకా నవ్వు వచ్చి ఆగింది. ఖులైఫ్ సాయంత్రాలు పళ్ళెంలో ఎండుద్రాక్ష పోసి యుద్ధం చూపించేవాడు. ఒంటెల వర్తకులు తెచ్చిన కబుర్లు, ఎప్పుడో జరిగినవి ఇప్పుడు చేరేవి, వాటిని గింజ గింజగా పేర్చేవాడు. ఇది సూయజ్ కాలువ, ఇక్కడ మీ తమ్ముడు హిలాల్ ఉన్నాడు. ఇది దర్దనెల్స్, అక్కడ సముద్రం నిండా ఓడలు. ఇది రష్యా కొండలు, అక్కడ మంచులో మన దండు నిలబడ్డచోటే గడ్డకట్టిందట. ఇది గాజా. ఇది మక్కా, అక్కడి అరబ్బుల పెద్ద షరీఫ్ టర్కీ వాళ్ళ మీద తిరగబడ్డాడు. ఇది బాగ్దాద్... ఏదీ బాగ్దాద్? పిల్లలిద్దరూ నోళ్ళు మూసుకుని దవడలు ఆడిస్తున్నారు. “పోయింది,” అన్నాడు ఖులైఫ్. “ఇంగ్లీషు వాళ్ళు పట్టకముందే నీ కూతురు పట్టేసింది.” ఆ వారమే సరాయి, అదే సర్కారు కచేరీ, మెట్ల మీద నిలబడి టర్కీ అధికారి చదివాడు, బాగ్దాద్ మనదే, చెక్కుచెదరలేదు అని. అప్పటికే అది పడిపోయి చాలా రోజులైందని తర్వాత తెలిసింది. అప్పటి నుంచి మాకొక లెక్క కుదిరింది, టర్కీ వాడు ఏది చెబితే దానికి తిరగేసింది నిజం. డప్పు కొట్టి హిలాల్‌ని తీసుకుపోయినప్పుడు ద్రాక్షకోతకి తిరిగొస్తాడు అన్నారు. గోధుమలు తీసుకుపోయినప్పుడు కాగితం డబ్బులిచ్చి ఇది బంగారంతో సమానం అన్నారు. అందుకే ఆ శీతాకాలం, జెరూసలేం ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయిందని మా కొండ మీద కూడా తెలిసిపోయిన ఆ రోజుల్లో, అదే మెట్ల మీద అదే అధికారి గొంతు చించుకుని ఇంకో మాట చెబితే ఊరంతా నవ్వింది. రష్యాలో రాజుని దింపేసిన వాళ్ళు పాత గుట్టులన్నీ బయటపెట్టారు, ఇంగ్లీషు వాళ్ళూ ఫ్రెంచి వాళ్ళూ మీ నేలని ఎప్పుడో పంచేసుకున్నారు, మీ షరీఫ్‌కి రాజ్యం ఇస్తామన్నది ఉత్తమాట, ఒరే అమాయకుల్లారా, డమాస్కస్ ఒకడికి, మీరింకొకడికి అని. ఎవరో వెనక నుంచి మేకలా అరిచారు. ఔదానే అనుకుంటాను, అతనికి మేకలా అరవడం బాగా వచ్చు. అందరం పగలబడి నవ్వాం. మమ్మల్ని కొట్టి, దోచి, మా మగవాళ్ళని పట్టుకుపోయినవాడు ఆ ఒక్కసారి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు.

“వదినా.” ఫాండీ మళ్ళీ. “పెద్దవాళ్ళు కూర్చున్నారు.”

కూర్చోనీ. ఆవిరి తగ్గింది. కప్పు అంచున సన్నటి నల్ల గీత పడుతోంది.

ఇంగ్లీషు వాళ్ళు వానలో వచ్చారు. ఎండకి కాలినవాళ్ళలా ఎర్రగా, మా బురదలో మోకాళ్ళ దాకా దిగబడి, ఒంటెలు జారి పడుతుంటే తిట్టుకుంటూ. ఊరు ఊరంతా తుపాకులు గాల్లో పేల్చింది, తల్జా ఇంటి కప్పెక్కి గొంతు విరిగేలా సంబరపు కూతలు పెట్టింది. ఒక దొరని మా ఇంటికి తీసుకొచ్చాడు ఖులైఫ్, తడిసిన కుక్కపిల్లలా ఉన్నాడు పాపం, పక్కన మాట చెప్పడానికి కైరో మనిషి ఒకడు, పట్నం బూట్లవాడు. ఆ గుప్పెడు గింజలు బయటికి వచ్చాయి. నేనే వేయించాను, నేనే దంచాను, ఈ తెర వెనక నుంచే చూశాను. ఖులైఫ్ పోశాడు. దొర కప్పు అందుకున్నాడు, తర్వాత దాన్ని తన ముందు కింద పెట్టాడు. పెట్టి, రెండు చేతులతో చంకలోంచి దేశపటం తీసి విప్పాడు. నాకు కనిపించింది, పాపం అతనికి చేతులు ఖాళీ కావాలి, అంతే. కానీ ఖులైఫ్ మొహం మారిపోయింది. ఎన్ని ఏళ్ళు ఎదురుచూశాడో ఆ క్షణం కోసం, తన కాఫీ ముందు ఒక పెద్ద మనిషి చెయ్యి ఆపి ఏదో అడగడం. లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “తాగండి. అడిగింది ఇచ్చాను,” అన్నాడు. కైరో మనిషి తెల్లబోయాడు, మా పద్ధతి వాడికేం తెలుసు, ఉన్నది ఉన్నట్టు దొరకి చెప్పేశాడు. దొర ఇంకా తెల్లబోయి, సంతోషించి, అడిగాడు: కంచరగాడిద, బార్లీ, అమ్మాన్ దాకా దారి చూపే మనిషి. ఖులైఫ్ మూడూ ఇచ్చాడు, మూడోది తనే. అప్పుడు దొర తాగాడు, చేదుకి మొహం ముడుచుకున్నాడు.

“అతను పటం విప్పుకోడానికి పెట్టాడయ్యా,” అన్నాను తర్వాత.

“తెర చీలికలోంచి మీ ఆడవాళ్ళకి సగమే కనిపిస్తుంది.”

“సగం చాలు. అతనేం అడగలేదు.”

“అడిగాడు, ఇచ్చాను, తాగాడు. ఇక మా మధ్య ముడి పడిపోయింది సబ్హా. అతను మనల్ని వదిలి ఎక్కడికి పోతాడు?”

ఎక్కడికి పోతాడు అన్నమాట అతని నోటిదే, తర్వాత షేక్ ముత్లక్ నోటిలోంచి వింటానని అప్పుడు తెలియదు. అమ్మాన్‌లో టర్కీ వాళ్ళు కదలలేదు, జర్మన్ తుపాకులున్నాయక్కడ, వాన ఆగలేదు, ఇంగ్లీషు వాళ్ళు గాయపడ్డవాళ్ళని ఒంటెల పక్కల కట్టుకుని వెనక్కి వచ్చారు. ఖులైఫ్ కంచరగాడిద లేకుండా వచ్చాడు. ఊళ్ళో సగం మంది మూటలు కడుతున్నారు, వాళ్ళతో నది దాటి పోదామని. నేనూ కట్టాను. మిజ్నాని వీపుకి కట్టుకున్నాను కూడా. అప్పుడు ముత్లక్ వచ్చాడు, ఇదే గదికి, ఇదే చోట కూర్చున్నాడు, గదిలో వాళ్ళిద్దరే. “ఏంటి ఖులైఫ్, నువ్వు కూడానా? వాళ్ళు పోవట్లేదయ్యా, వానకి గుడారాలు మార్చుకుంటున్నారు. నీ ఇంట్లో తిన్నవాడు నిన్నొదిలి ఎక్కడికి పోతాడు? నువ్వు కదిలావంటే ఊరంతా కదులుతుంది. నేనున్నాను, నువ్వుండు.” నేను తెర వెనక నుంచి దగ్గాను, ఖులైఫ్ వినలేదు. మూట విప్పమన్నాడు. విప్పాను. దీపం పెట్టే వేళకి తల్జా గోడ మీంచి పిలిచింది, “ఒసే సబ్హా, మీ షేక్ ఒంటెలు దిగిపోతున్నాయే! గోధుమ బస్తాలు, పరుపులు, కోళ్ళు కూడా!” కిటికీ దగ్గరికి పరిగెత్తాను. దిగువ దారిలో ఇంగ్లీషు వాళ్ళ దీపాల వెనకే ఒక వరస, నెమ్మదిగా, గంటలు విప్పేసిన ఒంటెలు. ఖులైఫ్ నా భుజం మీంచి చూశాడు. “ఏదో పని ఉండి ఉంటుంది,” అన్నాడు.

మర్నాడు టర్కీ వాళ్ళు వచ్చేశారు. ఇంగ్లీషు వాళ్ళకి అన్నం పెట్టిన ఇల్లేది అని అడుగుతూ వచ్చారు. ఔదా తలుపు మొదట తగిలింది. అతన్ని వాకిట్లో పడుకోబెట్టి అరికాళ్ళ మీద కర్రలతో కొట్టారు, గోడకి ఇవతల నాకు ప్రతి దెబ్బా వినిపించింది, మొదట తిట్టాడు, తర్వాత దేవుణ్ణి పిలిచాడు, తర్వాత మేకలా అరిచాడు, అది వేళాకోళం కాదు. చివరికి వేలు ఎత్తాడు. పాత కోట గోడ దగ్గర ఖులైఫ్‌ని కాల్చేశారు. శవం ఇచ్చారు, అందుకు దణ్ణం పెట్టమన్నారు. నెల తిరిగేసరికి ఇంగ్లీషు వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి ఎండలో, గుర్రాల మీద, టోపీలకి ఈకలు పెట్టుకుని. జనం మళ్ళీ తుపాకులు పేల్చారు. నాలుగు రోజులు తిరక్కుండా మళ్ళీ వెళ్ళిపోయారు. ఆకురాలు కాలంలో మూడోసారి వచ్చినప్పుడు నేను వాకిలి తెరవలేదు.

యుద్ధం గెలిచారు అన్నారు. ఎవరు గెలిచారో అడిగినవాళ్ళు లేరు. ముత్లక్ జెరూసలేం నుంచి తిరిగొచ్చాడు, ఇంగ్లీషు చక్కెర, ఇంగ్లీషు బియ్యం, ఊరికి తనే తెచ్చినట్టు పంచాడు, నాకూ ఒక బస్తా వచ్చింది. ఫాండీ అప్పుడే సైన్యం నుంచి బయటపడి ఇల్లు చేరాడు. ఉన్నదంతా చెప్పాను అతనికి, ఆ గదిలో ఆ మనిషి అన్న మాటలు అన్నట్టే. గోళ్ళు చూసుకుంటూ విన్నాడు. “నువ్వు తెర వెనక ఉన్నావు వదినా. సాక్షి ఎవరు? షేక్‌తో పెట్టుకుంటే రేపు తోటకి నీళ్ళెవరొదులుతారు? వేలు చూపించినవాడు ఔదా. అది ఊరంతా చూసింది.” ఆ వారమే ఔదా ఇల్లు ఖాళీ చేయించారు. వాళ్ళు గాడిద మీద సామాను వేసుకుపోతుంటే తల్జా నా వాకిలి ముందు ఆగింది. నేను రాయి పట్టుకున్నాను చేతిలో. విసిరితే ఆమె కళ్ళు మూసుకునేది, జరిగేది కాదు. కుండ పగలగొట్టినట్టు ఏడ్చి వెళ్ళిపోయింది. నా కోపానికి చేతికందినవాళ్ళు వాళ్ళే అయ్యారు. కంచరగాడిద ఎక్కి వెళ్ళిపోయిన దొరని ఎక్కడ పట్టుకోను, పంచుకున్నవాళ్ళని ఎక్కడ పట్టుకోను, వాళ్ళకి గోడ అవతల ఇల్లు లేదు కదా.

హిలాల్ కబురు మొన్ననే వచ్చింది. కాలువ దగ్గర ఇంగ్లీషు వాళ్ళకి చిక్కాడు, వాళ్ళ చెరలోంచే షరీఫ్ దండులో చేరాడు, అకబా నుంచి డమాస్కస్ దాకా నడిచాడు, అక్కడ మన రాజుని మనం కూర్చోబెట్టుకున్నామని అంతకుముందు ఎవరిచేతో కబురు పంపాడు, అక్కా, ఇక డప్పు కొట్టి పట్టుకుపోయేవాడు లేడు అని. పోయిన నెల ఫ్రెంచి వాళ్ళు టాంకులూ విమానాలతో డమాస్కస్ దగ్గరి మైసలూన్ కనమ మీదికి వస్తే, తూటాలు సగం నిండిన నడికట్టుతో ఎదురు నిలబడ్డాడట. పొద్దు నడినెత్తికి రాకముందే అంతా అయిపోయింది, వాడూ అయిపోయాడు. రాజుని రైలెక్కించి పంపేశారు. ఆ రాజుని తెచ్చిన ఇంగ్లీషు వాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. ఇప్పుడు వాళ్ళ పెద్ద దొర జెరూసలేం నుంచి మా ఊరికి వస్తున్నాడు, డమాస్కస్ మీకు లేదు కనక మేమున్నాం అని చెప్పడానికి. ఇంటింటా జెండాలు కుడుతున్నారు. దొర ముందు ఊరంతా ఒక్క మాట మీద నిలబడాలి, నెత్తురు పగలుండకూడదు, వరసలో మొదట ముత్లక్ నిలబడాలి. అందుకు ఔదా కావలసి వచ్చాడు ఆయనకి.

“షేక్, కాఫీ గడ్డ కట్టేట్టుంది,” అని అవతల ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. “ఆడవాళ్ళు కదయ్యా, జడ వేసుకుని చెప్తారు,” ఇంకొకరు. ముత్లక్ నవ్వు కూడా వినిపించింది, మెత్తగా, పెద్దరికంగా. “తొందరేం లేదు. అమ్మాయి బాధ నాకు తెలుసు.”

నీకు తెలుసు. నీకొక్కడికే తెలుసు.

“వదినా!” ఫాండీ పళ్ళ బిగువున. “పరువు తీస్తున్నావ్.”

మా అత్త నా మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చేతి బరువు ఎండుటాకంత. “ఔదాగాడు ఏడ్చాడే ఆ రోజు,” అంది. “నేను విన్నాను. వాడి చేత ఆ వేలు ఎత్తించడానికి ఎంతసేపు పట్టింది! నా కొడుకుని ఉండమనడానికి ఇంకొకడికి ఎంతసేపు పట్టింది?”

“నువ్వు విన్నావా అత్తా? ఆ మాటలు?”

“నాకు కావలసినవి వింటాను.”

నేను లేచాను. తెర పక్కకి తీసి మగవాళ్ళ గదిలోకి అడుగు పెట్టాను, అలా ఎవరూ పెట్టరు, ఒకరిద్దరు కళ్ళు దించుకున్నారు, ఫాండీ చెయ్యి చాచి ఆగిపోయాడు. ముత్లక్ తల ఎత్తి చూశాడు. గడ్డానికి రంగేసుకున్నాడు, నిజమే.

“ఔదాని క్షమించాను,” అన్నాను. “నెత్తురు బాకీ లేదు, దానికి బదులిచ్చే ఒంటెలక్కరలేదు. వాకిట్లో రాళ్ళు తీయించండి, తల్జాని రేపే రమ్మనండి.”

గది మొత్తం ఊపిరి వదిలింది. “దేవుడు నీ మొహం తెల్లగా, నీ పరువు నిలబెట్టి ఉంచాలి తల్లీ,” అన్నాడు షేక్‌ని ఆనుకుని కూర్చున్న ముసలాయన, ఊరి మసీదులో ప్రార్థన చేయించే పెద్దాయన. ముత్లక్ తృప్తిగా చెయ్యి చాచాడు కప్పు కోసం.

“మీరు తాగకండి షేక్.”

చెయ్యి ఆగింది. “అదేమిటమ్మా? అడిగింది ఇచ్చావుగా.”

“మీరడిగింది ఔదా కోసం. ఔదాకి ఇచ్చాను. ఆ సాయంత్రం ఈ గదిలో, ఇక్కడే కూర్చుని, నేనున్నాను నువ్వుండు అని నా మొగుణ్ణి ఆపి, దీపాలు పెట్టే వేళకి ఒంటెల గంటలు విప్పుకుని దిగిపోయిన మనిషి కోసం ఇంకా ఎవరూ నా గుమ్మంలోకి రాలేదు. ఆయన తరఫున ఎవరినైనా పంపండి. అప్పుడు ఆలోచిస్తాను.”

“వదినా, లోపలికి పో,” అన్నాడు ఫాండీ. గట్టిగా అనలేదు.

ముత్లక్ నవ్వబోయాడు. “తెర వెనక ఆడవాళ్ళకి ఏవేవో వినిపిస్తాయి,” అని చుట్టూ చూశాడు, ఎవరైనా కలిసి నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. ఎవరూ కాదనలేదు, ఔననలేదు. ఆ ఒంటెల వరసని ఆ సాయంత్రం కిటికీల్లోంచి చూసినవాళ్ళు ఈ గదిలో ఎంతమంది ఉన్నారో వాళ్ళ మొహాలు చెబుతున్నాయి, ఇన్నాళ్ళూ చెప్పలేదు, ఇప్పుడు కూడా నోటితో చెప్పరు. ప్రార్థన చేయించే ముసలాయన ఒక్కడు, ఎవరి వైపూ చూడకుండా, షేక్ మోకాలి కింద నలిగిన తన అంగీ అంచుని నెమ్మదిగా లాగి తన వైపుకి తీసుకున్నాడు.